సంగీతం గడిలో ఉషా ఖన్నా

నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా, హిందీ సినిమా పాటలకి బాణీలు కట్టే ఉషా ఖన్నా అంటే మగాయన అనే అనుకున్నాను.

అందుకు కారణం ఉషశ్రీ గారు. విజయవాడ రేడియోలో ఆయన ధర్మసందేహాలు వస్తుంటే అమ్మ వంటింట్లో పని ఆపి వచ్చి గడప మీద కూర్చునేది. ఆ గొంతు మాకు ఇంట్లో పెద్దమనిషి గొంతులాంటిది. కాబట్టి ‘ఉష’తో మొదలయ్యే పేరు మగవాళ్ళకీ ఉంటుందని నాకు తెలుసు. ఇక ఖన్నా. మా కాజీపేట రైల్వే క్వార్టర్సులో, పాత మర్ఫీ రేడియోలో, అది నా చెవికి ‘కన్నా’ అనే వినపడేది. అమ్మ పొద్దున్నే నన్ను లేపుతూ పిలిచే కన్నా. రెండూ కలిపి ఉషాకన్నా. శంకర్ జైకిషన్, కల్యాణ్‌జీ ఆనంద్‌జీ, లక్ష్మీకాంత్ ప్యారేలాల్, ఉషాకన్నా. ఆ వరసలో ఒక ఆడమనిషి ఉంటుందన్న ఊహే నాకు రాలేదు.

పేరు తప్పు వినడానికి హిందీ కూడా ఒక కారణమే. నాన్న మా అక్క చేతా నా చేతా హిందీ ప్రచార సభ పరీక్షలు రాయించారు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. తెలుగువాళ్ళకి హిందీలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి లింగాలే కదా. కుర్చీ ఆడది, బల్ల ఆడది, పంఖా మగది! వివిధ భారతిలో ‘సంగీత్ ఉషా ఖన్నా కా’ అని చదివేవారు. ఆ ‘కా’ మనిషిది కాదు, సంగీతానిది. సంగీతం అన్న మాట వాళ్ళ భాషలో పుంలింగం. వ్యాకరణం వచ్చినా ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకుని నేను మగాయన్నే చూసుకున్నాను.

మా ఇంట్లో ఒక పాటల పుస్తకం ఉండేది. అక్క మొదలుపెట్టింది. లాంగ్ నోట్‌బుక్‌ని అడ్డంగా తిప్పి, రూళ్ళకర్రతో ఐదు గడులు గీసింది. పాట, సినిమా, పాడినవారు, రచన, సంగీతం. పొద్దున భూలే బిస్రే గీత్, మధ్యాహ్నం మన్ చాహే గీత్, రాత్రి పడుకునే ముందు ఛాయాగీత్. బుధవారం రాత్రి ఎనిమిదింటికి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా సరేసరి. అనౌన్సరు వివరాలన్నీ నాలుగు క్షణాల్లో చదివేస్తారు. సినిమా పేరు రాసేలోపు రచయిత పేరు వెళ్ళిపోతుంది. అందుకే సగం గడులు ఖాళీ. మళ్ళీ ఆ పాట వచ్చినప్పుడు నింపుకోవాలి. ఒక్కో పాట పూర్తవడానికి ఒక్కోసారి నెలలు పట్టేది. 1977లో అక్కకి పెళ్ళయి వెళ్ళిపోతూ ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. ‘ఖాళీలు నింపు’ అంది, అంతే.

పక్క క్వార్టర్‌లో ఇటార్సీ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం ఉండేది. ఆవిడని ఇటార్సీ ఆంటీ అనే పిలిచేవాళ్ళం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మంచం మీద చీర పరిచి ఆవిడ బడియాలు, మేము వడియాలు పెడుతున్నాం. పుస్తకం చూపిస్తే తడిచేతులు కొంగుకి తుడుచుకుని ఒక్కో పేరూ చదివింది. తెలుగు అక్షరాలు రావు కాబట్టి నేను పైకి చదవాలి. ‘శ్రీ ఉషాకన్నా’ దగ్గరికి రాగానే ఆపింది.

‘శ్రీ ఏంటి బేటీ? వో తో ఔరత్ హై. మా మధ్యప్రదేశ్ పిల్ల. గ్వాలియర్.’

నేను నమ్మలేదు. పాడుతుందా అని అడిగాను. ‘పాడుతుంది కూడా. కానీ ఈ పాట పాడింది యేసుదాస్. ట్యూన్ కట్టింది ఈ అమ్మాయి’ అంది. ఆ పాట ‘సాజన్ బినా సుహాగన్’లో మధుబన్ పాట. 1978. ఆ ఏడాది రేడియో పెడితే అదే. అంతకుముందు ఆ పాట వంద సార్లు విని ఉంటాను. ఆ సాయంత్రం విన్నది మాత్రం వేరే పాటలా అనిపించింది. యేసుదాస్ గొంతు వెనక, ఆయన కంటే ముందే, ఒక ఆడమనిషి హార్మోనియం ముందు కూర్చుని ఆ బాణీని పాడి ఆయనకి నేర్పి ఉంటుందన్న ఆలోచనతో నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పుస్తకం మొదటి నుంచి తిరగేసి, ఆ పేరున్న ప్రతి చోటా ‘శ్రీ’ కొట్టేసి, ‘క’ని ‘ఖ’గా దిద్దాను. అక్క రాసినవీ నేను రాసినవీ కలిపి ఇరవైకి పైనే తేలాయి. ‘దిల్ దేకే దేఖో’. ‘హమ్ హిందుస్తానీ’. ‘షబ్నమ్’లో రఫీ పాట. ‘ఏక్ సపేరా ఏక్ లుటేరా’లో రఫీ ఏడిపించే పాట. ‘లాల్ బంగ్లా’లో ముఖేష్ పాట. ‘హవస్’లో ఇక నీ వీధిలో అడుగు పెట్టనంటూ రఫీ పాడేది. వాన పడగానే ఎవరో ఒకరు కోరే ముఖేష్ బర్ఖా రాణీ పాట, ‘సబక్’లోది. ఇవన్నీ ఒక్క మనిషివే! అదీ ఆడమనిషివి!

ఆవిడ కథ తర్వాత్తర్వాత పత్రికల్లో చదివి, టీవీలు వచ్చాక విని, ముక్కలు ముక్కలుగా తెలుసుకున్నాను. పుట్టింది 1941లో, గ్వాలియర్‌లో. తండ్రి మనోహర్ ఖన్నా అక్కడ వాటర్‌వర్క్స్‌లో ఉద్యోగి, కవి, గాయకుడు. ఆవిడకి గాయని కావాలని కోరిక. రచయిత ఇందీవర్ ఆ అమ్మాయిని ఫిల్మాలయా స్టూడియో నిర్మాత శశధర్ ముఖర్జీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పాడింది. పాటలు ఎక్కడివని ముఖర్జీ అడిగితే తను కట్టుకున్నవేనని తేలింది. గాయనిగా అవకాశం కోసం వెళ్ళిన పిల్లని ఆయన రోజుకి రెండు పాటల చొప్పున ఏడాది పాటు బాణీలు కట్టుకు రమ్మన్నారు.

నేను ఈ ముక్క దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. రోజుకి రెండు అంటే ఏడాదికి ఏడు వందలకి పైన. సినిమా చేతిలో లేదు. పాడేవాళ్ళు లేరు. టీనేజీలో ఉన్న పిల్ల పొద్దున్నే లేచి, ఇవాళ్టి రెండు బాణీలు ఏమిటా అని కూర్చోవడం. నిన్నటివి బాగుంటే ఇవాళ ఇంకా టెన్షన్. మన సంగీతం పాఠాల్లో సరళీ స్వరాలు, జంట స్వరాలు అంటూ ఏళ్ళ తరబడి చేసే సాధన లాంటిదే ఇదీ, కాకపోతే ఆవిడ చేసింది కొత్త వరస కట్టే సాధన. గొంతుకి సాధన చెప్పే గురువులు వీధికొకరు ఉంటారు. వరస కట్టడానికి సాధన చేయించిన వాళ్ళ గురించి నేను విన్నది ఇదొక్కటే. అందుకే ముఖర్జీ అంటే నాకు గౌరవం. మెచ్చుకుని పంపేయకుండా పని చెప్పారు.

ఆ ఏడాది కష్టం తర్వాత వచ్చిందే ‘దిల్ దేకే దేఖో’. 1959. ఆవిడకి 18 ఏళ్ళు. షమ్మీ కపూర్ హీరో, ఆశా పారేఖ్‌కి హీరోయిన్‌గా మొదటి సినిమా, దర్శకుడు నాసిర్ హుస్సేన్, పాటలు మజ్రూహ్ సుల్తాన్‌పురి. అప్పటికే మజ్రూహ్ పేరు మోసిన కవి. రఫీ సంగతి చెప్పక్కర్లేదు. అంతమంది పెద్దవాళ్ళ మధ్య ఒక టీనేజీ పిల్ల నిలబడి ఇది ఇలా పాడండి అని చెప్పాలి. చెప్పింది. పాటలన్నీ హిట్. ఓ.పి. నయ్యర్ బాణీల్లా ఉన్నాయన్నారు కొందరు. టైటిల్ పాటకి ఒక ఇంగ్లీషు పాట ఆధారమన్నదీ నిజమే. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడి నుంచి తేలేదు కనక? నేను మాత్రం అదే సినిమాలో రఫీ పాడిన ‘హమ్ ఔర్ తుమ్’ పాట విన్నప్పుడల్లా ఇది ఎవరి నీడా కాదు, ఈ పిల్లదే అనుకుంటాను.

మరుసటి ఏడాదే ‘హమ్ హిందుస్తానీ’. ప్రేమ్ ధవన్ రాసిన ‘ఛోడో కల్ కీ బాతే’, ముఖేష్ గొంతు. ఆగస్టు 15న మన దేశంలో ఆ పాట మోగని స్కూలు అరుదు. మా స్కూల్లో ఆ పాటకే కవాతు. తెల్ల జాకెట్టు, నీలం లంగా, చేతిలో కాగితం జెండా. ఎడమ కాలు ఎక్కడ పడాలో చెప్పేది ఆ పాటే. బ్యాండ్ వాళ్ళు అవసరం లేదు, పాటలోనే నడక ఉంది. ఆ నడక కట్టింది 20 ఏళ్ళు కూడా నిండని అమ్మాయి అని మా స్కూల్లో ఒక్కరికైనా తెలిసి ఉంటుందా? నాకు తెలిశాక ఆగస్టు 15న లైన్లో నా ముందున్న పిల్ల చెవిలో చెప్పాను. ‘అయితే ఏంటే?’ అంది.

అయితే ఏంటి అన్నది నాకు 1980లో బాగా అర్థమైంది.

అప్పుడు తొమ్మిదో తరగతి. స్కూలు వార్షికోత్సవానికి తెలుగు మాస్టారు గేయం రాశారు. పిల్లలెవరైనా పాడండి అన్నారు కానీ బాణీ లేదు. నేను కడతానన్నాను. వారం రోజులు పట్టింది. మా క్వార్టర్స్ వెనక యార్డులో షంటింగ్ ఇంజను రాత్రంతా ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉండేది. బరువు లాగేటప్పుడు దాని ఆవిరి చప్పుడుకి ఒక లెక్క ఉంటుంది. మొదట నెమ్మదిగా విడివిడిగా నాలుగు, తర్వాత గబగబా. పల్లవి ఆ నాలుగింటి మీద వేశాను. చరణం దగ్గర కుదరక మూడు రోజులు ఏడిపించింది. బోరింగు దగ్గర బిందె నింపుతుంటే నాలుగో రోజు దానంతట అదే వచ్చేసింది. బిందె పొర్లుతున్నా చూసుకోలేదు. ఆరుగురం నేర్చుకున్నాం. పై క్లాసు అబ్బాయి ఒకతను హార్మోనియం పట్టాడు. నేను పాడి చూపిస్తే అతను వెతుక్కుని వాయించేవాడు.

ఆ రోజు మైకులో రచన అని మాస్టారి పేరు చదివారు. సంగీతం అని హార్మోనియం వాయించిన అబ్బాయి పేరు చదివారు. అతను తలెత్తి నా వైపు చూసి మళ్ళీ దించుకున్నాడు. పాపం, అతని తప్పేం లేదు. పాట అయ్యాక పేర్లు చదివిన మాస్టారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ‘నువ్వు పాడావుగా అమ్మా, చప్పట్లు కొట్టారుగా’ అన్నారు. ఆయన కోపంగా అనలేదు, మంచిగానే అన్నారు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఆ మంచితనమే. ఆడపిల్ల పాడుతుంది. వరస ఎవరో మగపిల్లాడు కట్టి ఉంటాడు. అందులో ఆలోచించడానికి ఏముందన్నట్టు.

ఇంటికొచ్చి అమ్మతో చెబితే ఏమీ మాట్లాడకుండా రేడియో పక్కనుంచి పాటల పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

ఉషా ఖన్నా కెరీర్ చూసినప్పుడల్లా నాకు ఆ మైకు గుర్తొస్తుంది. ఆవిడ పేరు ఎవరూ మింగేయలేదు, తెర మీద వేశారు. కానీ ఒకటి చూడండి. ‘దిల్ దేకే దేఖో’ అంత పెద్ద హిట్ అయ్యాక నాసిర్ హుస్సేన్ తర్వాతి సినిమా ‘జబ్ ప్యార్ కిసీ సే హోతా హై’ శంకర్ జైకిషన్‌కి వెళ్ళింది. ఆ తర్వాతది ఓ.పి. నయ్యర్‌కి. ఆ తర్వాత ఆర్.డి. బర్మన్ వచ్చేశారు. ‘దిల్ దేకే దేఖో’తోనే హీరోయిన్‌గా వచ్చిన ఆశా పారేఖ్ నాసిర్ హుస్సేన్ సినిమాల్లో కొనసాగింది, పెద్ద స్టార్ అయింది. బాణీలు కట్టిన పిల్లకి మళ్ళీ కబురు రాలేదు. ఎవరి నిర్ణయం వాళ్ళది. మనకి బయటి నుంచి కనిపించేది ఇంతే.

దాంతో ఆవిడ చేతికి ఎక్కువగా వచ్చినవి చిన్న బడ్జెట్ సినిమాలు. మీకు ‘సబక్’ కథ గుర్తుందా? ‘లాల్ బంగ్లా’లో హీరో ఎవరో తడుముకోకుండా చెప్పగలరా? సినిమాలు పోయాయి, పాటలు ఉన్నాయి. పెద్ద బ్యానర్ సినిమాకి పాట బాగోకపోయినా పోస్టరు మోస్తుంది. ఇక్కడ పాటే సినిమాని మోయాలి. నలభై ఏళ్ళకి పైగా ఆవిడ చేసిన పని అదీ. నేను ‘హవస్’ ఇంతవరకూ చూడలేదు. ఆ రఫీ పాట మాత్రం నిద్రలో లేపి అడిగినా పాడతాను.

1980లోనే ‘ఆప్ తో ఐసే న థే’ వచ్చింది. నిదా ఫాజ్లీ రాసిన ‘తూ ఇస్ తరహ్ సే’ పాట రఫీ ఒకసారి, మన్‌హర్ ఉధాస్ ఒకసారి, హేమలత ఒకసారి పాడారు. నా పుస్తకంలో మూడు వరసలు పట్టింది అది. పాడినవారి గడిలో ముగ్గురు, సంగీతం గడిలో ఒక్కరే. ఆ జూలైలోనే రఫీ పోయారు. రేడియోలో ఆ పాట రఫీ గొంతులో వస్తే ఇటార్సీ ఆంటీ వరండాలో నిలబడి ఏడ్చేది. హేమలత గొంతులో వస్తే మాత్రం నవ్వుతూ పని చేసుకునేది. బాణీ అదే. అప్పుడనిపించింది, పాట అంటే గొంతు ఒక్కటే కాదు, గొంతు మారినా నిలబడే ఎముక ఏదో లోపల ఉందని.

కొత్తవాళ్ళకి గొంతు విప్పే చోటు ఇచ్చింది కూడా ఆవిడే. పంకజ్ ఉధాస్ సినిమాల్లో మొదటి పాట 1972లో ‘కామ్నా’కి పాడింది ఆవిడ దగ్గరే. గజల్ గాయకుడిగా ఆయన పేరు దేశమంతా తెలిసింది ఆ తర్వాత ఎంతో కాలానికి. తను గాయని కావాలని వచ్చిన మనిషి కదా, వాకిట్లో నిలబడ్డ వాళ్ళ సంగతి తెలిసి ఉంటుంది. ఆవిడ పాడిన పాటలూ లేకపోలేదు. ‘అంజాన్ హై కోయీ’లో రఫీతో కలిసి పాడిన సాయంకాలపు పాట వినండి, వీలైతే చీకటి పడే వేళ.

తర్వాత నేను రైల్వేలోనే ఉద్యోగంలో చేరాను. సికింద్రాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్ కేరళ నర్సు. ఒక రాత్రి బట్టలు మడతపెడుతూ ఏదో మలయాళం పాట కూనిరాగం తీస్తోంది. ఎంత మెత్తగా ఉందో. ఎవరిదని అడిగితే ‘మూడల్‌మంజు’, జానకి పాడింది అంది. మన జానకమ్మే. సంగీతం ఎవరిదంటే ఉషా ఖన్నా అంది! నేను మంచం మీద నుంచి లేచి కూర్చున్నాను. 1970 నాటి సినిమా. అందులోనే యేసుదాస్ ‘నీ మధు పకరూ’ కేరళలో ఇప్పటికీ వింటారట. ఆ అమ్మాయి అంతకాలం ఉషా ఖన్నా మలయాళీ అనే అనుకుందట. నేను మగాయన అనుకున్నట్టే. ఆ రాత్రి ఇద్దరం ఒకరికొకరం పాటలు నేర్పుకున్నాం. గ్వాలియర్ ఆవిడ కట్టిన మలయాళం బాణీని రేపల్లె దగ్గర పుట్టిన జానకమ్మ పాడితే, కాజీపేట పిల్ల సికింద్రాబాద్‌లో నేర్చుకుంది.

ఉషా ఖన్నాకి ముందు బాణీలు కట్టిన ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. బాంబే టాకీస్ సినిమా సంస్థలో సరస్వతీ దేవి. అసలు పేరు ఖుర్షీద్, పార్సీ అమ్మాయి, హిందుస్తానీ సంగీత పండితుడు భాత్‌ఖండే దగ్గర నేర్చుకుంది. సినిమాల్లో పని చేయడానికి వీల్లేదని సొంతవాళ్ళే గొడవ చేస్తే, ఆ సంస్థ అధిపతి హిమాంశు రాయ్ ఆవిడ పేరు మార్చి తెర మీద వేశారు. 1936లో ‘అఛూత్ కన్యా’ పాటలు ఆవిడవే. నర్గీస్ తల్లి జద్దన్‌బాయి కూడా బాణీలు కట్టింది. మన దగ్గర భానుమతి గారు 1954లోనే ‘చక్రపాణి’కి సంగీతం ఇచ్చారు. సావిత్రి గారు తీసిన ‘చిన్నారి పాపలు’కి పి. లీల. తొంభైల్లో ఎం.ఎం. శ్రీలేఖ. వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉన్నారు, నిజమే. కానీ ఏడాది తర్వాత ఏడాది, సినిమా తర్వాత సినిమా అదే వృత్తిగా హిందీలో అంతకాలం నిలబడింది ఉషా ఖన్నా.

‘సౌతన్’ 1983లో వచ్చింది. హన్మకొండలో చూశాం, అక్క పుట్టింటికొస్తే. ఇద్దరం ముందుగా వెళ్ళి కూర్చున్నాం, పేర్లు పడేటప్పుడు అడ్డంగా ఎవరూ నడవకుండా. మారిషస్ సముద్రం, రాజేష్ ఖన్నా, టీనా మునిమ్ అందరికీ కావాలి. మేము మాత్రం ఆ ఒక్క పేరు కోసం చూస్తున్నాం. ఆ పేరు పడగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. రేడియోలో అన్నేళ్ళు విన్న పేరు అక్షరాల్లో చూడటం అదే మొదలు, తెర నిండా. ఆ పాటలకి ఆవిడకి ఫిలింఫేర్ నామినేషన్ వచ్చింది. అవార్డు రాలేదు. దర్శకుడు సావన్ కుమార్ టాక్ ఒకప్పుడు ఆవిడ భర్త. విడిపోయాక కూడా కలిసి పని చేశారు. 2003లో ‘దిల్ పర్‌దేసీ హో గయా’ కూడా ఆయన సినిమానే. ఆవిడ ఆఖరి సినిమా అదే.

హిందీ సినిమా సంగీతానికి ఫిలింఫేర్ ఒక ఆడపిల్ల చేతికి వచ్చింది 2022లో. ‘షేర్‌షా’కి పనిచేసిన వాళ్ళలో ఒకరిగా జస్లీన్ రాయల్‌కి. టీవీలో చూస్తూ వేళ్ళు లెక్కపెట్టాను. ‘దిల్ దేకే దేఖో’కీ దానికీ మధ్య 63 ఏళ్ళు.

మొన్న అక్క మనవరాలు వచ్చింది. తనకి గిటార్ ఉంది, ఫోన్‌లోనే పాటలు కడుతుంది. పాత పుస్తకం చూస్తానంది. అట్ట ఊడిపోయింది, దారం వేసి కట్టి ఉంచాను. కొట్టేసిన ‘శ్రీ’లు చూసి ఇదేంటి అమ్మమ్మా అని అడిగింది. ఉషశ్రీ గారి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. పేజీలు తిప్పుకుంటూ వెళ్ళి 1980 దగ్గర ఆగింది. ఆ పేజీలో ‘తూ ఇస్ తరహ్ సే’ మూడు వరసల కింద ఒక తెలుగు పాట ఉంది. సినిమా గడిలో గీత. పాడినవారి గడిలో ఆరు పేర్లు. రచన గడిలో తెలుగు మాస్టారి పేరు. సంగీతం గడిలో నా పేరు, ఇంటిపేరుతో సహా. ముందు పెన్సిల్‌తో రాసి, తర్వాత దాని మీదే ఇంకుతో దిద్దినది.

‘ఇది పాడు’ అంది.

పల్లవి వచ్చింది. చరణం రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ఫోను తీసి రికార్డింగ్ నొక్కి, ‘మళ్ళీ మొదటి నుంచి’ అంది.